పాలు మాడలేదు

సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పల్లపు వరస, చివరి ఇల్లు. మధ్యాహ్నం. ఇల్లాలూ, ఆమెను చూడవచ్చిన అన్నా. పాప తల్లి చంకలో ఉంది.

"పాలు మాడాయని నేనెందుకు చెప్పాలి?"

"ఊరికే చెప్పమంటున్నానే. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను, మాడి పొగొచ్చింది, గోడ మీద గాలిని పసిగట్టే పెట్టె మోగింది. అంతే. మూడు ముక్కలు."

"మాడితే గదా మాడాయని చెప్పడానికి."

"మాడకపోయినా చెప్పొచ్చు. నోరేం అరిగిపోదు."

"అన్నయ్యా, పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఒక్కనాడు పాలు పొంగనివ్వలేదు నేను. మా అత్త నన్ను అనని మాట లేదు. ఆవిడ కూడా ఆ ఒక్కటీ అనలేదు. ఆవిడ వదిలేసిన దాన్ని నువ్వొచ్చి అందుకున్నావు."

"నేనేం అనడం లేదు, నిన్ను నువ్వే అనుకోమంటున్నాను. అదీ ఊరందరి ముందు కాదు, ఒక్కాయన ముందు. తనిఖీకి వస్తున్నాడు. రాసుకుంటాడు, పోతాడు. నీ పాలతో ఆయనకేం పని?"

"పని లేనప్పుడు నా పాల ఊసు ఆయనకెందుకు?"

"అబ్బా."

"అబ్బా కాదు. ముందు కూర్చో. ఆ బట్టలు పక్కకి జరిపి కూర్చో. వచ్చినప్పట్నుంచీ గుమ్మంలోనే నిలబడ్డావు. మా ఇంట్లో నేల మీద కాలు పెట్టాలంటే భయమా?"

"భయమేంటి? ఆయన్ని తీసుకొచ్చే కారు ఇంకాసేపట్లో వచ్చేస్తుంది. ఆలోగా నీతో మాట్లాడుకుని వెళ్దామని."

"మాట్లాడుకోవడానికి వచ్చావా? పాఠం అప్పజెప్పించుకోవడానికి వచ్చావనుకున్నాను. నిన్ను చదివించాలని నన్ను తొమ్మిదో క్లాసులో ఆపేశారు చూడు, ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నావు."

"అదెందుకిప్పుడు?"

"ఊరికే. గుర్తొచ్చింది. సరే, అసలేం జరిగిందో నీకు చెప్పాలా వద్దా? మీ ఆఫీసు నుంచి ఒక్కరూ వచ్చి నన్ను అడగలేదు. పెట్టెని అడిగారట."

"పెట్టెలో రికార్డు ఉంటుందే."

"నాలోనూ ఉంటుంది. విను. వంటయిపోయింది. పొయ్యి ఆర్పేశాను. మళ్ళీ చెప్తున్నాను, ఆర్పేశాను. పాపని వెనక గదిలో చాప మీద వేసి, నేను గుమ్మం బయట బట్టలు ఆరేస్తున్నాను. ఇది గుక్కపెట్టి ఏడుస్తోంది. ఏడవనీలే, ఏడ్చి ఏడ్చి అదే పడుకుంటుందని నేను లోపలికి పోలేదు. ఆపేసింది. నీకూ ఇద్దరు పిల్లలున్నారు, నీకు తెలియదా, పిల్లలు ఒక్కసారిగా ఏడుపాపరు. వెక్కుతారు, ముక్కు ఎగబీలుస్తారు, మనం వస్తున్నామా లేదా అని ఒక చెవి వేసి మళ్ళీ మొదలెడతారు. ఇది దీపం ఊదేసినట్టు ఆపేసింది."

"నిద్ర పట్టేసి ఉంటుంది."

"మీ బావ అదే అన్నాడు. డాక్టరూ అదే అన్నాడు. మరీ కంగారు పడే తల్లివమ్మా నువ్వు, బాగా నిద్రపో అని నాకు మాత్రలు రాసిచ్చాడు. ఎదురింటి పెద్దమ్మ, పాపకి గాలి సోకిందే అంది. అందర్లోకీ ఆవిడే నిజానికి దగ్గరగా వచ్చింది."

"నువ్వు అలాంటివి ఆయన ముందు అనకు."

"లోపలికి పోయి వంగాను. వంగగానే నాకే కళ్ళు బైర్లు కమ్మాయి. దీని మూతి చుట్టూ తెల్లగా అయిపోయింది. డొక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి, పరిగెత్తి వచ్చినట్టు. పిలిస్తే పలకదు, చెయ్యి ఎత్తితే చెయ్యి జారిపోతోంది. ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. అక్కడ, గేటు దాటాక, అప్పుడు ఏడ్చింది. అదిగో అప్పుడు మోగింది నీ పెట్టె. మేం బయటపడ్డాక. ఇంట్లో ఎవరూ లేరని రూఢి చేసుకుని, తీరుబడిగా."

"మోగిందిగా మరి."

"మోగింది. దాన్ని ఎక్కడ బిగించావు నువ్వు?"

"అందరిళ్ళలో ఎక్కడ బిగించామో అక్కడే."

"అటక పక్కన. స్టూలెక్కి మరీ. ఇంకొంచెం కిందికి పెట్టు అన్నయ్యా, నాకు కనిపించేట్టు అంటే ఏమన్నావు?"

"పిల్లలకి అందకూడదు అన్నాను. రూలది. పిల్లలు మీటలు నొక్కేస్తే ఊరికే మోగుతుంది."

"మీరు భూమిలోకి తోసే ఆ గాలి బరువైంది, నేలనంటుకుని పాకుతుంది అని మీటింగులో చెప్పిందెవరు? తెర మీద బొమ్మ కూడా వేశావు, నేల మీద నీలం రంగు పూసి."

"అది... అది మామూలుగా దాని గుణం చెప్పాను. మనింట్లోకి వస్తుందని చెప్పానా?"

"పెట్టె పిల్లలకి అందకుండా పెట్టారు. గాలి ముందు పిల్లలకే అందింది."

"చూడు, ఆ గాలి బయటికి రాదే. రాలేదు. అది భూమి లోపల ఎంత లోతున ఉందో నీకు తెలుసా? పైన గట్టి రాయి ఉంది, మూతలాగా. లోపల పెట్టింది లోపలే ఉంటుంది. పర్మనెంట్. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు చెప్పిన మాట అది."

"ఓహో, గాలి పర్మనెంట్. మీ బావ మాత్రం కాంట్రాక్టు. ఆ గాలి కంటే ముందు చేరాడు ఆయన ఈ ఫ్యాక్టరీలో. అది పోయే పైపులు వెల్డింగు చేసింది ఆయన, కళ్ళు మంటలెత్తుతున్నాయని తడిగుడ్డ వేసుకుని పడుకున్నదీ ఆయనే. అదేమో నిన్న గాక మొన్న వచ్చి పర్మనెంటైపోయింది."

"బావ సంగతి నా చేతిలో ఉంటే ఎప్పుడో..."

"నీ చేతిలో ఏముంది అన్నయ్యా, స్క్రూడ్రైవరు తప్ప."

"అను. ఇంకా ఏమైనా ఉంటే అవన్నీ అనేసి, చివరికి నేను చెప్పినట్టు చెప్పు. నాకు అభ్యంతరం లేదు."

"అసలు ఆ పెట్టె మోగితే మీకొచ్చిన కష్టమేంటి? మోగడానికేగా పెట్టారు. అది నాకు ఇంతవరకు తిన్నగా ఎవరూ చెప్పలేదు."

"మీటింగులో గంటసేపు చెప్పాను."

"మీటింగులో నువ్వు చెప్పింది ఎవరికి తలకెక్కింది? బిస్కెట్లిస్తారని కూర్చున్నాం. ఇప్పుడు చెప్పు. బిస్కెట్లు లేకుండా."

"సరే. మన బట్టీలోంచి పొగొస్తుంది కదా. అందులో ఉండే చెడ్డ గాలిని పట్టి, అదిమి, పైపులో వేసి భూమిలోకి తోస్తాం. వెనకటికి గ్యాసు తోడేసిన రాళ్ళు కింద డొల్లగా ఉన్నాయి, వాటిల్లోకి. అంత గాలి ఆకాశంలోకి పోకుండా ఆపాం కాబట్టి ఆపిన ప్రతి టన్నుకీ మనకొక క్రెడిట్ ఇస్తారు. ఆ క్రెడిట్లు బయటి దేశాల కంపెనీలు కొనుక్కుంటాయి. విమానాలు నడిపేవాళ్ళూ, వాళ్ళూ."

"కొనుక్కుని ఏం చేసుకుంటారు?"

"వాళ్ళు వదిలే పొగకి ఇది చెల్లు అని రాసుకుంటారు."

"వదలడం మానరా మరి?"

"మానలేరు కాబట్టే కదా కొనుక్కునేది."

"అంటే వాళ్ళు సుష్టుగా తింటారు. పథ్యం మేం చేస్తాం. వాళ్ళకి అజీర్తి తగ్గిపోయిందని మీరు రాసిస్తారు."

"నీకు ఏది చెప్పినా ఇలాగే వంకర తిప్పుతావు."

"మా కొట్టాయన క్రెడిట్ లేదు అని బోర్డు పెట్టాడు చూడు, ఆయన నయం. లేనిది లేదన్నాడు."

"ఆ క్రెడిట్ వేరు. అది అరువు. ఇది... పుణ్యం లాంటిది అనుకో."

"గాలి కబుర్లు చెప్పేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, నీతో కలిపి. గాలిని తూకం వేసి అమ్మేవాళ్ళని ఇప్పుడే చూడటం. మా కొట్లో ఉల్లిపాయలు కళ్ళ ముందే తూస్తాడు, అందులోనే మోసం. మీరు కంటికి కనపడని దాన్ని, చేత్తో పట్టలేని దాన్ని, మా కాళ్ళ కింద పెట్టి, ఇంతుంది అంటారు. కొనేవాడు అవునంటాడు."

"అందుకేగా తనిఖీ. అందుకేగా ఈయన వచ్చేది. బుర్ర పెట్టి విను. కింద పెట్టింది పైకి వచ్చిందని తేలిందనుకో, ఆపామని చెప్పి అమ్మిన క్రెడిట్లు రద్దు చేస్తారు. ఇప్పటికే కొత్తవి ఆపేశారు, ఈయన ఏదో ఒకటి రాసేవరకు. నీ ఇంట్లో పెట్టె మోగిన సంగతి తిన్నగా ఆ కొనేవాళ్ళ దేశంలో కంప్యూటర్లోకి పోయింది. నాకంటే ముందు వాళ్ళకి తెలిసింది."

"మేనమామ కంటే ముందు విమానాలవాళ్ళకి తెలిసింది. బాగుంది. వాళ్ళెవరూ పాప ఎలా ఉందని అడగలేదా?"

"వాళ్ళకి పాప ఉన్నట్టు తెలియదు కదే."

"ఎందుకు తెలియదు? పోయినసారి వచ్చి దీన్ని ఎత్తుకుని ఫోటో దిగారుగా. తెల్లటోపీ పెట్టుకున్నావిడ. దీనికీ ఒక టోపీ పెట్టింది, ముక్కు దాకా దిగిపోయింది. ఆ ఫోటో మీ ఆఫీసు గోడ మీద వేలాడేశారట, కింద భావితరానికి స్వచ్ఛమైన ఊపిరి అని రాసి. మీ బావ చూసొచ్చి చెప్పాడు. మురిసిపోయాడు పాపం."

"మంచి ఫోటో అది."

"మంచిదే. ఊపిరి సంగతే కాస్త చూసుకోవాలి."

"సరే, తిట్టడం అయిందా? ఆఖరిగా చెప్తున్నాను. ఇది నా మీద పెట్టారు. కాలనీ జనంతో మాట్లాడేది నువ్వే కదా, నీ మనుషులే కదా, నువ్వే సర్దు అన్నారు మేనేజరు. ఇది సర్దకపోతే నేనుండను. నేను లేకపోతే బావ పేరు పర్మనెంట్ లిస్టులో పెట్టమని అడిగేవాడుండడు."

"మా ఆయనతో ముందే మాట్లాడావుగా నువ్వు."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే. డ్యూటీ నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని, మీ అన్న ఏం చెప్పమంటే అది చెప్పు అన్నాడు. పాప వైపు చూసి అనలేదు, గోడ వైపు చూసి అన్నాడు. అన్నాక తినలేదు. నువ్వే నయం. నువ్వు అన్నాక కూడా శుభ్రంగా తినేలా ఉన్నావు."

"నేను మాత్రం ఏం చెయ్యను చెప్పు?"

"నేను అడిగింది చెయ్యి. మొదట్నుంచీ అడుగుతున్నది ఒక్కటే. మిట్ట మీది వరసలో ఇల్లు ఇప్పించు. పైన మూడు ఖాళీగా ఉన్నాయి, తాళాలు తుప్పు పడుతున్నాయి. ఆ రోజు నుంచి నేను దీన్ని కింద పెట్టలేదు. పొద్దస్తమానం చంకలోనే. స్నానానికి పోతే పెద్దమ్మ చేతిలో పెట్టి పోతున్నాను. నిద్రలో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటాను, ఊపిరి తగులుతోందా లేదా అని. వేలికి గాలి తగిలేదాకా నా గుండె ఆడదు. నడుం విరిగిపోతోంది. ఇది పాకే వయసుకొచ్చింది, దించు దించు అని తన్నుతోంది. ఎక్కడ దించను?"

"ఇప్పిస్తాను."

"ఏంటి?"

"మిట్ట మీద ఇల్లు. ఇప్పిస్తాను. మేనేజరుతో నేను మాట్లాడతాను. నువ్వు ముందు ఆ పాల సంగతి చెప్పెయ్. చెప్పేస్తే మిగతాది నేను చూసుకుంటాను."

"నిజంగా?"

"ఒట్టు."

"ఉండు. నన్ను ఆలోచించుకోనీ."

"ఆలోచించడానికేముంది అందులో?"

"ఉండమన్నానా. పాలు మాడాయని చెప్తాను. ఆయన రాసుకుంటాడు. రాసుకున్నాక ఈ ఇంట్లో గాలి లేదు, పొగ లేదు, ఏమీ లేదు. అంతేగా?"

"అంతే. అదే కావాలి మనకి."

"ఏమీ లేని ఇంట్లోంచి మమ్మల్ని ఎందుకు మారుస్తారు? పాలు మాడే ఆడది మిట్ట మీదికి పోయినా మాడుస్తుంది. దానికి ఇల్లెందుకు మార్చడం, గిన్నె మారిస్తే చాలుగా?"

"అది నేను ఏదో చెప్పి..."

"ఏం చెప్తావు?"

"ఏదో ఒకటి చెప్తానే."

"ఏం చెప్తావో ఇప్పుడు చెప్పు. నేనే మేనేజర్ననుకో."

"కారు వచ్చే వేళయిందే."

"చూశావా. నీకే తోచడం లేదు. మేనమామవి, ఒట్టు వేసి మరీ పిల్ల విషయంలో బొంకుతున్నావు. గాలి వచ్చిందని చెప్తేనే అన్నయ్యా మమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిపేది. ఇంకో దారి లేదు."

"నువ్వు అలా చెప్తే నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. నోరుంది నీకు. గాలే అమ్మినవాడివి, ఏదైనా అమ్ముతావు."

"కారొచ్చింది. చూడు, కారొచ్చేసింది. బుద్ధిగా విను. ఆయన ముందు నన్ను అన్నయ్యా అనకు."

"ఏమనాలి మరి?"

"సార్ అను. బంధువులని తెలిస్తే మళ్ళీ అదొక తలనొప్పి."

"సార్ అనాలా నిన్ను?"

"ఒక్క పావుగంట. నీకు దణ్ణం పెడతాను."

తనిఖీ అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నాక.

"కంగారు పడకండమ్మా. నాలుగు మాటలు అడిగి వెళ్ళిపోతాను. ఈయన మీకు తెలుసా?"

"తెలుసనుకున్నానండి. తెలియదు."

"అంటే సార్, నేను అప్పుడప్పుడూ కాలనీకి వస్తుంటాను, మొహం తెలిసి ఉంటుంది. సార్, అసలు జరిగింది చాలా చిన్న విషయం. ఆ రోజు ఈవిడ పొయ్యి మీద పాలు..."

"ఆవిడని చెప్పనివ్వండి."

"ఆవిడ కొంచెం భయస్తురాలు సార్, అందుకని నేనే..."

"పాలు మాడలేదండి."

"ఏంటమ్మా?"

"పాలు మాడలేదు. పొయ్యి ఆర్పి ఉంది. పాలు మాడాయని చెప్పమని ఈ సారు చెప్పారు, ఇంతకుముందే, ఆ గుమ్మంలో నిలబడి. మాడలేదు. వెనక గదిలో నేల మీద గాలి చేరింది. నా బిడ్డ చాప మీద ఉంది. పలకలేదు, కదల్లేదు. వంగితే నాకు కళ్ళు తిరిగాయి. రోడ్డు మీదికి తీసుకుపోతే ఏడ్చింది. అదండీ జరిగింది. మా ఆయనకి ఈ ఫ్యాక్టరీలోనే పని. ఈ మాట చెప్పినందుకు ఆయనకి ఆ పని ఉంటుందో లేదో తెలియదు. అయినా చెప్తున్నాను."

"సార్, ఈవిడ ఆ రోజు బాగా బెదిరిపోయారు. డాక్టరు కూడా నిద్రమాత్రలు రాశారు. ఆ స్థితిలో చెప్పే మాట..."

"మీరు ఒక్క నిమిషం ఆగండి. అమ్మా, ఇది ముఖ్యం, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. పెట్టె ముందు మోగిందా, పాప ముందు ఊరుకుందా?"

"పాప ముందు. పెట్టె ఎంతో ఆలస్యంగా. మేం గేటు దాటాక."

"గట్టిగా చెప్పగలరా?"

"అది ఏడుపాపడం ఈ చెవులతో విన్నానండి. అంతకంటే గట్టిగా ఏం చెప్పను?"

"పెట్టె అక్కడెక్కడో ఉంది, అటక దగ్గర. పాప ఎక్కడుంది?"

"ఇదిగో, ఇక్కడ. ఈ వెనక గది రెండు మెట్లు పల్లం. ఇక్కడ చాప."

"మంచిది. చాలా మంచిది."

"మంచిదా అండీ?"

"అదే, మీరు చెప్పడం స్పష్టంగా ఉందని. ఇంత స్పష్టంగా నాకెవరూ చెప్పరు. ఎక్కడికి పోయినా పాలు మాడాయంటారు, చెత్త తగలబెట్టామంటారు, పెట్టె మీద బల్లి ఎక్కిందంటారు."

"సార్, మరి... మరి క్రెడిట్లు అన్నీ రద్దేనా సార్?"

"ఎందుకు రద్దవుతాయి?"

"గాలి బయటికి వచ్చిందని ఈవిడ..."

"కొంచెం కొంచెం వస్తూనే ఉంటుందండి. దాని కోసం ముందే కొన్ని క్రెడిట్లు అమ్మకుండా పక్కన పెట్టిస్తారు. ఇలాంటివి అందులోంచి కోసేస్తారు. అది అందరికీ తెలిసిందే. మాకు భయం వచ్చిన దాన్ని గురించి కాదు, వచ్చినా కనిపెట్టలేని చోటు గురించి. ఇక్కడ కనిపెట్టారు కదా. అదీ పెట్టె కంటే ముందు. నేను చూసిన చోట్లన్నిటిలో ఇంత బాగా కనిపెట్టింది ఇక్కడే. అలాగే రాస్తాను."

"అంటే కొత్తవి వదిలేస్తారా సార్?"

"ఈ వారంలోనే. రేటింగు కూడా ఒక మెట్టు పెరగొచ్చు."

"సార్, మీరు ఒక్క మాట ముందే చెప్పి ఉంటే నేను ఈవిణ్ణి ఆ పాలూ అవీ..."

"మీరు చెప్పించబోయిన అబద్ధం వల్లే మీకు నష్టం వచ్చేదండి. ఈవిడ నిజం చెప్పబట్టి బయటపడ్డారు."

"విన్నారా సారూ? పావుగంట కూడా పట్టలేదు."

"విన్నాను, విన్నాను. తప్పైంది."

"అయితే అండీ, నేను చెప్పింది మీరు నమ్మారు కదా."

"పూర్తిగా నమ్మానమ్మా."

"గాలి ఈ గదిలోకి వచ్చిందని రాస్తున్నారు కదా."

"రాస్తున్నాను. ఎవరు కనిపెట్టారో కూడా రాస్తున్నాను."

"మరి మమ్మల్ని మిట్ట మీది వరసకి మార్చమని కూడా ఒక ముక్క రాయండి. పైన మూడిళ్ళు ఖాళీగా ఉన్నాయి. మేం ఇంకేమీ అడగం. ఈ సారు కూడా ఇప్పిస్తానని ఒట్టు వేశారు."

"ఇల్లు మారడమా. అది కుదరదేమోనమ్మా."

"ఎందుకు కుదరదండీ?"

"గాలిని భూమిలోకి తోసే బావికి దగ్గరగా, అన్నిటికంటే పల్లంగా ఉన్న ఇల్లు మీదే. ఇక్కడ కనిపెడుతున్నారని రాసి క్రెడిట్లు వదులుతున్నాను. రేపు మీరు వెళ్ళిపోతే ఇక్కడ కనిపెట్టేవాళ్ళు లేరని రాయాలి. అప్పుడు నిజంగానే ఆపేయాల్సి వస్తుంది. అవునా కాదా మీరే చెప్పండి సార్."

"అవును సార్. అంటే, అదీ నిజమే."

"నిజమా అన్నయ్యా?"

"ఉండు, ఆయన చెప్పేది విను ముందు."

"గోడ మీద పెట్టె ఉంది కదండీ. కిందికి దించి బిగించుకోండి. ఇంకో పది బిగించుకోండి. ఇల్లంతా పెట్టెలే పెట్టుకోండి."

"పెట్టెల జాగా మార్చాలంటే పెద్ద తతంగమమ్మా. మొదట్నుంచీ అన్ని లెక్కలూ మళ్ళీ తీయాలి, ఏడాది పడుతుంది. మీరు కనిపెట్టింది ఏ ఖర్చూ లేకుండా, ఏ కొత్త ఏర్పాటూ లేకుండా జరిగింది. అదే దీని గొప్పతనం. మీ ఆయన్ని పర్మనెంట్ చెయ్యమని నేనే సిఫారసు చేస్తాను. మీరు ఈ ఇంట్లో స్థిరంగా ఉండాలి కదా మరి."

"చెల్లీ, పర్మనెంట్ అంటున్నారే. బావకి."

"నువ్వు కాసేపు నోరు ముయ్యి. సరేనండి. నేనుంటాను. ఈ ఇంట్లోనే ఉంటాను, కనిపెడతాను, మీరెప్పుడు వచ్చి అడిగినా చెప్తాను. పాపని మాత్రం ఇవాళే మా అమ్మ దగ్గరికి పంపించేస్తాను. దానికి తల్లిపాలు మాన్పించలేదు, అయినా పంపించేస్తాను. అన్నయ్యా, నువ్వే తీసుకెళ్ళు. ఆ కారులోనే. లే."

"అబ్బే, అలా తొందరపడకండమ్మా. మీరొక్కరే ఉంటే ఏం లాభం చెప్పండి? మీరు నిలబడి తిరిగే మనిషి. నేలకి దగ్గరగా ఉండేది పాపే కదా."